రసీదు లేని పన్ను

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పంచాయతీ బడ్జెట్, ఇంటి పన్ను మీద మాట్లాడమన్నారు. ఈ మాట చెప్పంగనే వెనుక వరుసలో ఒక చెల్లె "అది సర్పంచ్‌ల ముచ్చట గదా అక్కా, మనకెందుకు" అన్నది. నేను కూడా ఏండ్ల తరబడి గట్లనే అనుకున్న. స్త్రీనిధి కిస్తీ ఎంత, బ్యాంకు లింకేజీ వడ్డీ ఎంత అంటే నిద్రలో లేపి అడిగినా చెప్తా. మా పంచాయతీకి ఏడాదికి ఎంత వస్తది, దేనికి ఎంత పోతది అంటే మాత్రం నాకు తెల్వకపోతుండె. మా ఊరి బోరు మోటరు కాలిపోయిన తర్వాతనే నేను అడుగుడు మొదలుపెట్టిన. ఆ ముచ్చట ముందుగా చెప్తా.

అది 2024 ఎండాకాలం. ఎండలు ముదిరినంక ఆ ఒక్క బోరే మాకు ఆధారం. ఒకనాడు పొద్దున మోటరు కాలిపోయింది. పంచాయతీ ఆఫీసుకు పోయి అడిగితే ఖాతాలో పైసలు లేవన్నరు. పాలకవర్గం కాలం ఫిబ్రవరి 1తో అయిపోయింది. ఫిబ్రవరి 2 నుంచి ప్రత్యేక అధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేకుంటే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతయి. ఇగ ఊరి సొంత పైసలు ఉండాలె గదా అంటే, ఇంటి పన్ను ఎన్నడూ సగం కూడా వసూలు కాలేదన్నరు. అడిగినోళ్లు లేరు, కట్టినోళ్లు లేరు.

పదకొండు రోజులు మోటరు నడవలేదు. పొలాల్ల ఉన్న బావి నుంచి బిందెలు మోసినం. కంది కట్టె ఏరే కూలి పోయింది, ఇంట్ల పని వెనుకబడ్డది. మా సంఘంలో ఒక అక్క బిడ్డ నీళ్లకు పోయి నాలుగు రోజులు బడికి పోలేదు. చివరికి ఇంటికి వంద రూపాయల చందా వేసినం. ఆ చందా అడగడానికి గడప గడపకు తిరిగింది కూడా మనోళ్లే, సంఘం ఆడవాళ్లే.

అప్పుడు నాకు ఒక సంగతి మనసుకు తట్టింది. రేకుల షెడ్డులో ఉండే ఒంటరి అవ్వ వంద ఇచ్చింది. రోడ్డు మీద రెండంతస్తుల బిల్డింగు, కింద మూడు షటర్లు ఉన్నాయన కూడా వందే ఇచ్చిండు. అవ్వకు అది ఒక రోజు తిండి, ఆయనకు చాయ ఖర్చు. ఆ వందకు రసీదు లేదు, లెక్క లేదు. బిందె మోసిన పదకొండు రోజులకైతే లెక్కే లేదు. ఇంటి పన్ను కట్టలేదని సంబరపడ్డం గాని, అక్కా, పన్ను కట్టినం. రసీదు లేని పన్ను కట్టినం. ఊరి ఖజానా ఖాళీగ ఉంటే దాని భారం ముందు పడేది ఆడవాళ్ల నెత్తి మీదనే. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. మిగతాదంతా దాని వివరణ.

పంచాయతీకి పైసలు ఎక్కడ నుంచి వస్తయి? మన సంఘం లెక్కతోనే చెప్తా. మనకు సొంత పొదుపు ఉంటది. బ్యాంకు లింకేజీ ఉంటది. పై నుంచి వచ్చిన నిధి ఉంటది. వీటిల్ల మన ఇష్టప్రకారం, మన తీర్మానంతో, ఆపదకు అదే రోజు వాడుకోగలిగేది ఏది? మన పొదుపు. పంచాయతీలో కూడా అంతే.

మొదటిది కేంద్ర ఆర్థిక సంఘం నిధులు. పదిహేనో ఆర్థిక సంఘం కాలం 2026 మార్చి 31 దాకా, 2026 ఏప్రిల్ నుంచి పదహారో ఆర్థిక సంఘం కాలం. పదిహేనో ఆర్థిక సంఘం కాలంల ఉన్న పద్ధతి ఏందంటే, నూటికి 60 వంతులు తాగునీళ్లకు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలె. మిగిలిన 40 వంతులు ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గాని, దాంతో జీతాలు ఇయ్యరాదు, ఆఫీసు ఖర్చులు పెట్టరాదు. రెండోది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే నిధులు. అవి కూడా వచ్చినప్పుడే వస్తయి, మన చేతుల లేదు. దాని మీద పంచాయతీ బడ్జెట్‌లో నూటికి పది మొక్కలకు, పచ్చదనానికి పక్కన పెట్టాలె. మూడోది ఊరి సొంత ఆదాయం. ఇంటి పన్ను, నల్లా బిల్లు, దుకాణాల లైసెన్సు ఫీజు, ఇల్లు కట్టుకునేటప్పటి పర్మిషన్ ఫీజు, సంత ఉన్న ఊళ్లల్ల సంత వేలం. ఇది చిన్నదే. కాని ఇదే మన పొదుపు లాంటిది. గ్రాంటు ఆగినా ఇది ఆగదు. కార్మికుని జీతం, మోటరు వైండింగ్, పగిలిన పైపు, బ్లీచింగ్ పౌడర్, ట్రాక్టర్ డీజిల్ లాంటివి ఆగకుండా నడవాలంటే ఈ సొంత పైసలే దిక్కు.

మన దిక్కు తండాల సంగతి ఇంకా కష్టం. 2018లో తండాలు పంచాయతీలు అయినయి. మన తండాలో మనమే సర్పంచ్ అనుకున్నం, మంచిదే. కాని ఉన్నయే తక్కువ ఇండ్లు, అందులో సగం ఇండ్లకు ఆరు నెలలు తాళం. పనికి హైదరాబాద్ పోయినోళ్లు, చెరకు కోతకు పోయినోళ్లు. ఇంటి పన్ను పుస్తకం రెండు పేజీల్లో అయిపోతది. మోటరు మాత్రం పెద్ద ఊరికైనా తండాకైనా అదే ధర.

ఇగ పన్ను ఎట్ల పడతదో చూద్దాం. ఇంటి కొలత, గోడ ఏందో, కప్పు ఏందో, జాగ విలువ ఎంతో చూసి ఇంటికి ఒక విలువ కడతరు. దాన్నే మదింపు అంటరు. ఆ విలువలో వంద రూపాయలకు ఇన్ని పైసలని రేటు ఉంటది. ఎంత కంటే తగ్గరాదు, ఎంత కంటే పెరగరాదు అని ప్రభుత్వం హద్దులు పెట్టింది. ఆ హద్దుల నడుమ ఎంత అనేది పంచాయతీ తీర్మానం చేసుకోవాలె. దాని మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కలుస్తది. అది పంచాయతీది కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు పోతది.

ఒక లెక్క చేద్దాం. ఇది ఏ ఊరిదీ కాదు, అర్థం కావడానికి అనుకుంటున్న లెక్క. మీ సంఘం పుస్తకం వెనుక రాసుకోండి.

ఒక ఊళ్ల 300 ఇండ్లు అనుకుందాం. ఏడాది ఖర్చు 12 లక్షలు. గ్రాంట్లు 9 లక్షల 50 వేలు వస్తయనుకుందాం. నల్లా బిల్లు, లైసెన్సులు కలిపి 70 వేలు. ఇంకా ఎంత తక్కువ పడ్డది? లక్షా 80 వేలు. ఇది ఇంటి పన్నుతో రావాలె. సమానంగా పంచితే ఇంటికి 600. అవ్వ రేకుల షెడ్డుకూ 600, మూడు షటర్ల బిల్డింగుకూ 600. ఇది చందా పద్ధతి, న్యాయం కాదు.

ఇప్పుడు విలువ ప్రకారం చూద్దాం. 200 చిన్న ఇండ్లు, ఒక్కోటి లక్ష విలువ. 80 నడిమి ఇండ్లు, ఒక్కోటి 3 లక్షలు. 20 పెద్ద ఇండ్లు, ఒక్కోటి 8 లక్షలు. మొత్తం విలువ 6 కోట్లు. లక్షా 80 వేలు రావాలంటే వందకు 30 పైసలు చాలు. చిన్న ఇంటికి 300, నడిమి ఇంటికి 900, పెద్ద ఇంటికి 2,400.

ఇక్కడ ఆగి ఒకటి చూడండి. ఆ 20 పెద్ద ఇండ్లకు పాత కొలతలే పుస్తకంలో ఉన్నయి. పైన కట్టిన అంతస్తు ఎక్కలేదు, షటర్లు ఎక్కలేదు. 8 లక్షల ఇల్లు 3 లక్షలని రాసి ఉన్నది. అప్పుడు మొత్తం విలువ 5 కోట్లకు పడిపోతది. అదే లక్షా 80 వేలు రావాలంటే రేటు 36 పైసలు కావాలె. చిన్న ఇంటికి 300 కాదు, 360. పెద్ద ఇంటికి 2,400 కాదు, 1,080. పెద్దింటి అంతస్తు పుస్తకంలకు ఎక్కకపోతే, దాని పన్ను చిన్నింటి మీదికి ఎక్కుతదన్నట్టు. ఎవరూ దొంగతనం చెయ్యలే, ఎవరూ రేటు పెంచమని అడగలే. పుస్తకం సరిగ లేకపోవడమే.

లేదంటే రేటు 30 పైసలే ఉంచి, ఆ 20 ఇండ్ల వాళ్లు అసలు కట్టలేదనుకోండి. 48 వేలు తక్కువ పడతయి. మోరీలు తీసే కార్మికునికి నెలకు 9,500 అంటే దాదాపు ఐదు నెలల జీతం. వానాకాలం మోరీ నిండి మన గడప ముందటికి వచ్చినప్పుడు ఆ 48 వేలు ఎక్కడ పోయినయో అడగాలె.

మరి ఇదంతా అడిగే హక్కు మనకు ఉన్నదా? ఉన్నది. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది. పంచాయతీలకు పన్ను వేసే అధికారం రాష్ట్ర చట్టం ద్వారా ఇయ్యొచ్చని అందులోనే ఉన్నది. మన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. దాని ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ పెట్టాలె. లెక్కలు, ఆడిట్ రిపోర్టు, చేయబోయే పనులు, కొత్త పన్ను గాని ఉన్న పన్ను పెంచుడు గాని, అవన్నీ గ్రామసభ ముందట పెట్టాలె. సభ్యుల్లో సగం స్థానాలు ఆడవాళ్లకు. పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మొక్కలు, పనులు–సంతలు అని స్థాయీ సంఘాలు వేసుకోవాలె, వాటిల్ల కూడా సగం మంది ఆడవాళ్లు. ఇంకొకటి మన వాళ్లకు చాలామందికి తెల్వదు. పంచాయతీలో కో–ఆప్షన్ సభ్యుల్లో ఒకరు గ్రామ సంఘం అధ్యక్షురాలు. ఓటు వేసే హక్కు లేదు గాని మాట్లాడే హక్కు ఉన్నది. మాట్లాడే హక్కు చిన్నదేం కాదు, అక్కా. ఎట్లనో మా ఊరి గ్రామసభ ముచ్చటతో చెప్తా.

2025 డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలు జరిగినయి. దాదాపు రెండేండ్ల తర్వాత ఊళ్లకు సర్పంచ్‌లు, వార్డు సభ్యులు వచ్చిండ్రు. మా ఊళ్ల కొత్త పాలకవర్గం గ్రామసభ పెట్టింది. చాటింపు వేసినా మొదట్ల పది మంది మగవాళ్లు తప్ప ఎవరూ రాలేదు. ఆ రోజే మా గ్రామ సంఘం మీటింగ్ ఉండె. మీటింగ్ అయిపోంగనే అందరం లేచి వరుసగా గ్రామసభకే పోయినం. కూర్చోవడానికి జాగ చాలలేదు.

అక్కడ రెండు మాటలు నడుస్తున్నయి. కార్యదర్శి సారు ఏమో "ఆదాయం లేదు, రేటు పెంచాలె" అన్నడు. కొందరు పిలగాండ్లు "ఎన్నికల్ల పన్ను సగం చేస్తమన్నరు, చెయ్యాలె" అని లొల్లి పెట్టిండ్రు. సగం అనంగనే చప్పట్లు కొట్టిండ్రు. నిజం చెప్తున్న, మా సంఘం వాళ్లు కూడా కొట్టిండ్రు. పన్ను తగ్గుతదంటే ఎవరికి చేదు?

మా సంఘంలో చదువుకున్న కోడలు ఒకామె లేచింది. "సర్పంచన్నా, సగం చేస్తే ఏ పని ఆపుతరో చెప్పుండ్రి. సారూ, మీరు పెంచుతమంటే ఏ పని కొత్తగ చేస్తరో చెప్పుండ్రి. రెండు లిస్టులు చదివితే మేం చెయ్యి ఎత్తుతం" అన్నది. సభ నిశ్శబ్దమైంది. కార్యదర్శి సారు పోయిన ఏడాది ఖర్చుల పుస్తకం తెచ్చి చదివిండు. కరెంటు, కార్మికుల జీతాలు, ట్రాక్టర్ కిస్తీ, డీజిల్, నర్సరీ, పైపు లైను మరమ్మతు. ఒక్కొక్కటి చదువుతుంటే "ఇది ఆపుదామా" అని ఆ పిల్ల అడుగుతనే ఉన్నది. ఒక్కదానికీ ఎవరూ "ఆపండి" అనలేదు. సగం చెయ్యాలన్న పిలగాండ్లు కూడా అనలేదు.

అప్పుడు పన్ను పుస్తకం తియ్యమన్నం. అందులో మూడు సంగతులు బయటపడ్డయి. కొత్తగ కట్టిన ఇండ్లు చాలా ఎక్కలేదు. పాత ఇండ్ల మీద వేసిన అంతస్తులు ఎక్కలేదు. బాకీలు పెద్ద ఇండ్లవే ఎక్కువ, చిన్న ఇండ్ల వాళ్లు రసీదు కావాలని వచ్చినప్పుడల్లా కట్టినోళ్లే.

నేను లేచి "ఎక్కని ఇండ్లన్నీ కొలవాలె" అని గట్టిగ మాట్లాడిన. నా వెనుక నుంచి ఒకాయన "మరి నీ కిరాణా షాపు ఎక్కిందా అమ్మా" అన్నడు. అక్కా, ఎక్కలేదు. లింకేజీ లోన్‌తో ఇంటి ముందట వేసుకున్న షటర్ అది, నాలుగేండ్లు అయింది. నాకు తల దించుకున్నట్టు అయింది. ఇంటికి పోయినంక మా మరిది "వదినా, నీ నోటితోనే మన మీద పన్ను వేయించినవ్" అని వారం రోజులు మాట్లాడలేదు. నేనే మొదటి పేరు రాయించిన. రాయించకపోతే ఇంకొకరిని అడిగే నోరు నాకు ఉండదు. మన సంఘంల కూడా అంతే గదా. లీడర్ కిస్తీ కట్టకపోతే సభ్యురాలిని ఏ మొఖంతో అడుగుతం?

ఆ రోజు రెండు గంటలు మాట్లాడుకున్నం. రేటు పెంచుడు లేదు, తగ్గించుడు లేదు. ముందు ఎక్కని ఇండ్లు, షటర్లు కొలిచి పుస్తకంల ఎక్కియ్యాలె. పాత బాకీలు మూడు కిస్తీల్ల కట్టాలె. కొడుకు చెరకు కోతకు పోయిండు, ఉగాదికి వచ్చినంకనే పైసలు అన్న ముసలవ్వకు అప్పటిదాకా గడువు. వసూలైన దాంట్ల నుంచి ముందుగ మోటరు మరమ్మతుకు కొంత పక్కన పెట్టాలె, దాన్ని వేరే పనికి ముట్టొద్దు. ప్రతి నెలా ఎంత వసూలైందో, ఎంత ఖర్చైందో పంచాయతీ గోడ మీద రాయాలె. ఇవి తీర్మానం పుస్తకంల రాయించి, చదివించుకుని, సంతకాలు పెట్టి వచ్చినం.

అంతా బాగైపోయింది అని చెప్తలేను. పెద్ద బాకీదార్లలో ఇంకా కొందరు కట్టలేదు. గోడ మీద రాత రెండు నెలలు రాసిండ్రు, మూడో నెల మేం పోయి అడిగితేనే రాసిండ్రు. కాని ఎవరు అడుగుతున్నరో ఇప్పుడు ఊరికి తెలుసు.

ఇట్ల లెక్క అడిగేది మన దగ్గరే కాదు. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే అమెరికా టెక్సాస్ రాష్ట్రంల, డాలస్ పక్కన కాలిన్ కౌంటీ అని ఉంటది. కౌంటీ అంటే మన జిల్లా లెక్క అనుకోండి. ఐదుగురు ఉంటరు, ఒక కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు. ప్రతి ఏడాది వాళ్లు బడ్జెట్‌నూ ఆస్తి పన్ను రేటునూ కలిపి తేలుస్తరు. రోడ్లకు ఎంత, జైలుకు ఎంత, జీతాలకు ఎంత అని ముందు ఖర్చు రాసుకుంటరు. ఒకాయన పెంచుదామంటడు, ఇంకొకాయన తగ్గిద్దామంటడు, బేరం నడుస్తది. ఓటు వేసే ముందు నోటీసు వేసి, జనాన్ని పిలిచి మాట్లాడనియ్యాలె. రేటుకు ఎవరు ఔనన్నరో, ఎవరు కాదన్నరో పేరుపేరునా రాస్తరు. 2019లో వచ్చిన చట్టం ప్రకారం, పాత ఆస్తుల మీద నిర్వహణ ఖర్చులకు వచ్చే రాబడి ఏడాదిలో 3.5 శాతం కంటే ఎక్కువ పెరిగేటట్టు రేటు పెడితే జనం ఓటుకు పోవాలె. వాళ్ల లెక్క కోట్ల డాలర్లది, మనది లక్షల రూపాయలది. కాని ప్రశ్న ఒక్కటే. ఏ పని కావాలె, దానికి ఎవరు ఎంత ఇయ్యాలె? అక్కడ ఏటా రేటు కొత్తగ తేలుస్తరు కాబట్టి ఏటా ఈ ప్రశ్న వస్తది. మన దగ్గర పాత మదింపే ఏండ్ల తరబడి నడుస్తది కాబట్టి, మనం లేచి అడిగితేనే వస్తది.

ఇగ మీరు ఊరికి పోయి ఏం చెయ్యాలె? కొత్తగ నేర్చుకునేది ఏం లేదు. మనకు పంచసూత్రాలు ఉన్నయి. అవే పంచాయతీకి పట్టుకపోదాం.

క్రమం తప్పని సమావేశం. గ్రామసభ తేదీ గ్రామ సంఘం మీటింగ్‌ల రాసుకోండి. రెండు నెలలు దాటినా పెట్టకపోతే కాగితం మీద రాసి అడగండి. రాసిచ్చిన కాగితానికి రసీదు తీసుకోండి.

క్రమం తప్పని పొదుపు. ఇంటి పన్ను ఊరి పొదుపు. సంవత్సరం మొదట్లనే కట్టండి, రసీదు తీసుకోండి. రసీదు ఎవరి పేరు మీద ఉన్నదో చూడండి. ఇల్లు మీ పేరు మీద ఉంటే రిజిస్టర్లో కూడా మీ పేరు ఉండాలె. ఒక్క ముచ్చట గుర్తుంచుకోండి. పన్ను రసీదు ఉన్నంత మాత్రాన ఇంటి హక్కు వచ్చినట్టు కాదు. పట్టా, రిజిస్ట్రీ కాగితాలు వేరే. నోటీసులో విలువ ఎక్కువ వేసినట్టు అనిపిస్తే దాంట్ల రాసిన గడువులోపల అభ్యంతరం రాసియ్యండి. నోటితో చెప్పి ఊరుకోవద్దు.

అంతర్గత అప్పు. మనం ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లకు ముందు ఇస్తం. పంచాయతీ ఖర్చులో కూడా ఏది ముందు అనేది మనమే చెప్పాలె. ఏటా అక్టోబర్ 2 నుంచి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక పని మొదలవుతది. మన సంఘాలు తయారు చేసే పేదరిక నిర్మూలన ప్రణాళికను గ్రామసభలో ఇచ్చి అందులో కలిపించాలె. ఇచ్చి వచ్చుడు కాదు, కలిపిండ్రా లేదా అని చూడాలె.

సకాలంలో చెల్లింపు. పెద్ద బాకీదార్ల లిస్టు గ్రామసభల చదివించండి. పేదోళ్ల ఇండ్లకు తాళం వేస్తమని బెదిరించుడు కాదు, పెద్ద బాకీలతో మొదలు పెట్టమనండి. కట్టలేని వాళ్లకు కిస్తీలు అడగండి.

పుస్తక నిర్వహణ. పన్ను పుస్తకం, ఖర్చుల పుస్తకం, తీర్మానం పుస్తకం. ఈ మూడు చూపించమని అడగండి. పంచాయతీ ప్రణాళిక, ఖర్చులు ఈ–గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో, మేరీ పంచాయత్ యాప్‌లో కూడా కనిపిస్తయి. చదువుకున్న పిల్లలతో ఫోన్‌ల తెరిపించి, గ్రామ సంఘం మీటింగ్‌ల చదివించండి. గోడ మీది లెక్క, ఫోన్‌ల లెక్క కలుస్తున్నయా లేదా చూడండి.

ఒక జాగ్రత్త కూడా చెప్తా. మనం గ్రామసభకు పోతే ఎవరో ఒకరు "ఆడవాళ్లు పన్ను పెంచుమంటున్నరు" అని పుకారు లేపుతరు. మనం పెంచుమంటలేము, తగ్గించుమంటలేము. లెక్క చెప్పుమంటున్నం. పని కావాలన్నోళ్లు దాని ఖర్చు చెప్పాలె. పన్ను తగ్గించాలన్నోళ్లు ఆపే పని చెప్పాలె. అది సర్పంచ్‌కైనా, సెక్రటరీ సారుకైనా, మనకైనా ఒకటే రూలు.

చివరిగా ఒక్క మాట. మొన్న మా గ్రామ సంఘంల ఆ రేకుల షెడ్డు అవ్వ తన ఇంటి పన్ను రసీదు తెచ్చి నాకు చూపించింది. చందా ఇచ్చిననాడు ఆమె చేతిల ఏ కాగితమూ లేదు. ఇప్పుడు ఉన్నది. "బిడ్డా, ఈసారి మోటరు కాలితే నేను ఇది పట్టుకుని పోతా" అన్నది. మీ అందరి చేతుల్ల కూడా గట్ల రసీదు ఉండాలె, దాన్ని పట్టుకుని అడిగే ధైర్యం ఉండాలె అని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్న.